మూడో పంపుకు గోళ్లరంగు

మా బ్లూ ఎల్క్ ఊళ్లో పెట్రోలు బంకు ఒక్కటే. దానికి నాలుగు పంపులు. రోజూ పొద్దున ఆరు కొట్టకముందే ఆ నాలుగు పంపులకూ గోళ్లరంగు వేసే మనిషి మావిస్ హాగ్లండ్.

నవ్వే ముందు ఒక్క మాట వినండి. తాళాలు ఇంకా సరిగ్గా పుట్టని కాలంలో, ధాన్యపు కొట్టు తలుపుకు తాడు చుట్టి, ఆ ముడి మీద తడిమట్టి అద్ది, మట్టి మీద ముద్ర కొట్టేవారట. పాత నగరాలు తవ్వుతుంటే ఆ మట్టిబిళ్లలు ఇప్పటికీ బుట్టలకొద్దీ దొరుకుతున్నాయి. మట్టి దొంగను ఆపుతుందా? ఆపదు. వేలితో గిల్లితే రాలిపోతుంది. కానీ రాలినట్టు పొద్దున్నే యజమానికి తెలుస్తుంది. ఆ తరవాత లక్క వచ్చింది, సీసం వచ్చింది, కంపెనీ అచ్చువేసిన ఎర్రస్టిక్కరు వచ్చింది. ఇన్ని వేల ఏళ్లు బుర్రలు బద్దలుకొట్టుకుని మనిషి తేల్చుకున్నది ఇంతే: దొంగ రాకుండా చెయ్యలేం, వచ్చి వెళ్లాడని మాత్రం తెలుసుకోగలం. ఆ సంగతి మావిస్ ఏ పుస్తకంలోనూ చదవలేదు. స్కూలు బస్సు నడిపి నేర్చుకుంది.

పంతొమ్మిదేళ్లు నడిపింది ఆ బస్సు. మా జిల్లాలో ఇరవైకీ యాభైకీ మధ్య వయసున్న ఏ మనిషి పేరు చెప్పినా, "రెండో వరస, కిటికీ వైపు, చూయింగ్ గమ్ సీటు కింద అంటించేవాడు" అని జాతకం విప్పుతుంది. ఇప్పుడావిడకు అరవై మూడు. బస్సు దిగి బంకు కౌంటరు ఎక్కి పద్నాలుగేళ్లయింది. మొగుడితో విడాకులయ్యాయి గానీ అదీ మర్యాదగానే అయింది. ఆయన ఇప్పటికీ వారానికోసారి వచ్చి ట్యాంకు నింపుకుని, వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడి పోతాడు.

ఇక గోళ్లరంగు కథ. మా దగ్గర బంకులో పెట్రోలు పోసే మనిషి ఉండడు. ఎవరి కారుకు వాళ్లే పోసుకోవాలి, పంపుకున్న సందులో ఎవరి కార్డు వాళ్లే దూర్చాలి, లేదంటే లోపలికొచ్చి కౌంటర్లో కట్టాలి. ఆ సందు వెనక చిన్న తలుపు, దానికో తాళం. అసలు తమాషా అక్కడుంది. ఒకే రకం తాళంచెవితో సగం దేశంలోని పంపులు తెరుచుకుంటాయి. దొంగ వచ్చి తలుపు తీసి, లోపలి తీగల మధ్య బొటనవేలంత యంత్రం తగిలించి మూసేస్తాడు. అంతా కలిపి ఒక నిమిషం పని. ఆ తరవాత ఎవరు కార్డు పెట్టినా దాని గుట్టంతా ఆ యంత్రం నొక్కేస్తుంది. ఒకటి రెండు రోజులాగి దొంగ మళ్లీ వస్తాడు. పంపు తలుపు ముట్టుకోనక్కర్లేదు, పది బారల దూరంలో కారాపి ఫోను చేతిలో పట్టుకుంటే చాలు, దాచినదంతా గాల్లోనే ఫోనులోకి దూకేస్తుంది.

అందుకని కంపెనీ ఎర్రస్టిక్కర్లు పంపింది. పీకితే చారలు తేలతాయి, మళ్లీ అంటవు. బాగానే ఉంది. అయితే మావిస్ ఒకరోజు ఇంటర్నెట్‌లో వెతికితే అచ్చం అవే స్టిక్కర్లు చుట్టలకు చుట్టలు అమ్మకానికున్నాయి. ఆవిడ ఒక చుట్ట తెప్పించింది. కంపెనీవి పీకి తనవి అంటించింది. నెల రోజులు రిపోర్టులో ఆ ఫొటోలే పంపింది. ఒక్కడంటే ఒక్కడు గుర్తుపట్టలేదు. అప్పుడు తనే ఫోన్ చేసి చెప్పింది. మెచ్చుకుంటారనుకుంది కాబోలు.

ఆ మర్నాటి నుంచి గోళ్లరంగు మొదలైంది. మామూలు రంగు కాదు, మెరుపుపొడి కలిసినది. తలుపు సందుకు అడ్డంగా ఒక బొట్టు. ఏ మెరుపు రేణువు ఎక్కడ వాలుతుందో వేసిన చేతికే తెలీదు, ఇక అలాంటి బొట్టు ఇంకొకటి వెయ్యడం బ్రహ్మతరం కాదు. ఆరాక ఫోనులో ఫొటో. సోమవారం ఊదా, మంగళవారం రాగి, బుధవారం నెమలికంఠం. ఆవిడ గోళ్లు ఏ రంగో ఆ రోజు పంపులూ అదే రంగు.

కంపెనీ తరఫున పదకొండు బంకులు చూసుకునే ట్రెవిస్ ఓల్మ్‌కు ఇది బొత్తిగా గిట్టలేదు. ఇది బంకా, బ్యూటీ పార్లరా అని అడిగాడు. అతనికి ముప్పై నాలుగేళ్లు, తెల్లటి ట్రక్కు, ఒక సిద్ధాంతం. కార్డు పెట్టే పంపు ఉండగా కొట్టెందుకు, కౌంటరెందుకు, కౌంటరు వెనక మనిషెందుకు? అలాంటి బంకులు మా వైపు బోలెడున్నాయి. తాళం వేసిన కొట్టు, పక్కన గాలిలో వొంటరిగా నిలబడ్డ పంపులు, మైళ్లకొద్దీ చిక్కుడు పొలాలు. మా బంకునూ ఆ వరసలో చేర్చాలని అతని పట్టుదల. పంపుల మీద ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఈ నెలాఖరుకే కొట్టు మూసేస్తానని మావిస్‌కు కచ్చితంగా చెప్పి పోయాడు.

కొట్టు మూస్తే మావిస్‌కు ఇంకో కౌంటరు ముప్పై మైళ్ల లోపల లేదు. కిటికీ పక్క బల్ల దగ్గర పొద్దున్నే చేరే ముసలి రైతులకు ఇంకో బల్లా లేదు. ఆ బల్లకు పెద్దలు ఇద్దరు. ఒకరు ఆర్విడ్ నైక్విస్ట్, డెబ్బై ఎనిమిదేళ్లు, చిక్కుడు పండిస్తాడు, నోరు మూతపడదు. రెండోవాడు లాడ్ కుబిచెక్, పశువులు పెంచుతాడు, రోజుకు పది మాటలు దాటితే ఆయనకు వొంట్లో బాగాలేదని అర్థం. మూడో కుర్చీ మావిస్‌ది, నాలుగోది ఎవరు ముందొస్తే వాళ్లది. తరచు నాకే దక్కేది గానీ ఆ మంగళవారం మాత్రం నేను ఆలస్యంగా వెళ్లాను. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

ఆ రోజు మావిస్ పన్ను పీకించుకోవడానికి పట్నం వెళ్లింది. కౌంటరు ఆర్విడ్‌కు అప్పగించింది. పది గంటలకు నారింజరంగు చొక్కా తొడుక్కున్న కుర్రాడొకడు తెల్ల వ్యాన్లో వచ్చి, మూడో పంపు దగ్గర ఆపి, తాళం తీసి పనిలోకి దిగాడు. కిటికీలోంచి చూశారు ముసలివాళ్లు. పనిచేస్తున్న మనిషిని చూస్తూ కూర్చోవడం మా వైపు పాపం. ఇద్దరూ లేచి వెళ్లారు. గాలికి పంపు తలుపు కొట్టుకుంటుంటే లాడ్ దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. లోపల చీకటిగా ఉందని ఆర్విడ్ తన టార్చిలైటు వేసి చూపించాడు. ఒక స్క్రూ జారి కింద పడితే మోకాళ్ల మీద వంగి అదీ వెతికిచ్చాడు. పని అయ్యాక కుర్రాణ్ని లోపలికి పిలిచి చిలీ గిన్నె, దాల్చినచెక్క చుట్టరొట్టె పెట్టారు. కారంగా ఉడికిన బీన్సూ మాంసంలో తియ్యటి రొట్టె ముంచుకు తినడం మా వాళ్ల అలవాటు. పులిహోరలో జిలేబీ నంజుకున్నట్టుంటుంది మొదట్లో, రెండో శీతాకాలానికి అదే అమృతం. కుర్రాడు గిన్నె నాకినంత పని చేసి, మూడుసార్లు థాంక్స్ చెప్పి వెళ్లాడు.

పదకొండింటికి ట్రెవిస్ దిగాడు. చేతిలో కొలతటేపు. కౌంటరు పీకేస్తే ఎంత జాగా వస్తుందో కొలిచాడు. మావిస్ లేకపోవడం కాగితం మీద రాసుకున్నాడు. పోతూ పోతూ, లోపలికొచ్చి చెక్కు రాసే ముసలాళ్లకు కాలం ఎంత మారిందో చూపించాలని, అందర్నీ బయటికి పిలిచి మూడో పంపులో తన కార్డు దూర్చి ట్యాంకు నింపుకున్నాడు. నిమిషన్నర పట్టిందని గడియారం చూపించాడు కూడా.

పన్నెండున్నరకు మావిస్ వచ్చింది. ఎడమ బుగ్గ బూరెలా వాచి, మత్తుతో మూతి ఒక పక్కకు వేలాడుతోంది. కారు దిగుతూనే పంపుల వైపు చూసింది. మూడో పంపు మీద రాగి బొట్టు నిలువునా చిట్లింది. ఎర్రస్టిక్కరు మాత్రం కొత్తపెళ్లికూతురి బొట్టులా నిండుగా ఉంది.

ఎవరొచ్చారని అడిగింది. ఆర్విడ్ అంతా చెప్పాడు, కొంచెం గర్వంగానే. కంపెనీ కాగితం చూపించాడా అని అడిగింది.

"అడుగుతామా ఎక్కడైనా?" అన్నాడు ఆర్విడ్ నొచ్చుకుని. "పాపం పనిచేసుకుంటున్నాడు."

"పేరు?"

"రెండో రొట్టె కావాలా అని అడిగాను. వద్దన్నాడు. మంచి పెంపకం."

మావిస్ తాళం తీసి చూసింది. తీగల మధ్య నల్లటి బొటనవేలు. ముట్టుకోకుండా తలుపు మూసి, పంపు నెత్తిన గోనెసంచి తొడిగి, షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ చేసింది. ఫోనెత్తింది డిప్యూటీ లైలా బ్రెక్, బస్సులో మొదటి వరస, నడవా వైపు. రోడ్డు మీదికి నలభై ఆవులు వచ్చిపడ్డాయి, రేపు పొద్దున వచ్చి ఊడదీస్తాను, అంతదాకా ఎవర్నీ ముట్టనివ్వకండి అంది లైలా.

రెండో ఫోను ఎవరికి చెయ్యాలో మావిస్‌కు తెలుసు. చేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. కొట్టు మూయడానికి ట్రెవిస్ వెతుకుతున్న సాకును తన చేత్తోనే పళ్లెంలో పెట్టి అందించినట్టవుతుంది. ఊరుకుంటే మాత్రం అతని కార్డును ఎవడో నున్నగా గొరిగేస్తాడు. బల్ల దగ్గర ఒక సలహా కూడా వచ్చింది, రేపటిదాకా ఆగి చెబితే కాలం ఎంత మారిందో అతనికీ తెలుస్తుందని. సలహా ఎవరిదో చెప్పను. మావిస్ వాచిన మూతితో ఒక చూపు చూసి, ఫోను తీసింది.

కార్డు వెంటనే ఆపించెయ్యమని చెప్పింది.

"నువ్వు కౌంటర్లో ఉంటే ఇది జరిగేది కాదు," అన్నాడు ట్రెవిస్.

"నేను కౌంటర్లో ఉండకూడదనేగా నువ్వు టేపు పట్టుకొచ్చావ్."

శుక్రవారం వస్తున్నాను, కొట్టు తాళాలు సిద్ధంగా పెట్టమన్నాడు. మావిస్ ఫోను పెట్టేసి, మత్తు దిగని మూతితోనే కాఫీ తాగబోయింది. సగం జాకెట్టు మీద పోసుకుంది.

మర్నాడు తొమ్మిది దాటింది. లైలా ఇంకా రాలేదు. నాలుగో పంపు పక్కకు బూడిదరంగు కారొకటి వచ్చి ఆగింది. ఇంజను ఆపలేదు, మనిషి దిగలేదు, చేతిలో ఫోను. నారింజ చొక్కా లేదు.

లాడ్ కప్పు దించాడు. "చిలీ అబ్బాయి," అన్నాడు.

మావిస్ కౌంటరు కింద కూర్చుని లైలాకు ఫోన్ చేసింది. తానింకా నలభై అయిదు నిమిషాల దూరంలో ఉన్నానంది లైలా. పట్టుకోవద్దు, బెదిరించవద్దు, లాడ్ ట్రక్కులో తుపాకీ ఉంటే అది ట్రక్కులోనే ఉండాలి, వీలైతే మాటల్లో పెట్టండి చాలు అని గట్టిగా చెప్పింది.

"మాట్లాడ్డం ఆ పిల్ల నాకు నేర్పుతోందా," అంటూ ఆర్విడ్ టోపీ పెట్టుకున్నాడు.

వీధి గుమ్మం దగ్గర "వెళ్లొస్తా" అన్నాక గంటసేపు రెండో సభ తీర్చడం మన తెలుగువాళ్ల సొత్తనుకుంటాం. మా వైపు దాన్ని శాస్త్రం చేశారు. తొడల మీద చరుచుకుని "సరే, ఇక లేవాలి మరి" అనడం మొదటి అంకం. తలుపు దగ్గర ఒకటి, మెట్ల మీద ఒకటి. అసలు అంకం కారు కిటికీ దగ్గర. పెద్దమనిషి కారు పైకప్పు మీద చెయ్యి వేసి వంగి మాట్లాడతాడు. ఆ చెయ్యి తీసి, కప్పు మీద రెండుసార్లు తట్టేదాకా కారు కదలకూడదు. ఎక్కడా రాసి లేదు. తల్లిపాలతో వస్తుంది.

ఆర్విడ్ వెళ్లి కారు కప్పు మీద చెయ్యి వేశాడు.

నిన్న రెండో రొట్టె తినకుండా వెళ్లినందుకు ముందు చిన్నగా కోప్పడ్డాడు. కుర్రాడు ఉలిక్కిపడి, అటుగా పోతూ ఆగానన్నాడు. నీ పేరేమిటి బాబూ అంటే కోరీ అన్నాడు. ఇంటిపేరు అడిగితే కొంచెం ఆలోచించి స్మిత్ అన్నాడు. అక్కడ చిక్కాడు. ఆర్విడ్‌కు నాలుగు స్మిత్ కుటుంబాలు తెలుసు. నలుగురి పొలాలూ, నలుగురి పెళ్లాలూ, ఏ స్మిత్ ట్రాక్టరు ఏ కాలవలో పడిందో వివరంగా చెప్పి, నువ్వు వీళ్లలో ఏ స్మిత్ తాలూకు అన్నాడు. కుర్రాడు తప్పించుకోలేక మూడో స్మిత్‌ను పట్టుకున్నాడు.

ఆర్విడ్ టోపీ తీశాడు. "అయ్యో. మీ తాతయ్య పోయాడని విన్నాను."

కుర్రాడు తల వంచి, లేని తాతయ్య కోసం రెండు నిమిషాలు బాధపడాల్సి వచ్చింది. ఈలోగా లాడ్ ఏమీ మాట్లాడకుండా గాలిగొట్టం ఈడ్చుకొచ్చి ముందు చక్రం పక్కన మోకాళ్లూని కూర్చున్నాడు. గాలి తక్కువుందన్నట్టు తల ఆడించి, ఉన్న గాలి కూడా నెమ్మదిగా వదలడం మొదలుపెట్టాడు. మావిస్ కాఫీ తెచ్చింది. మరీ వేడిది. చేతిలో పెడితే చప్పరించాలే తప్ప గటగటా తాగడానికి లేదు, కప్పు తిరిగివ్వకుండా పోవడానికీ లేదు.

"నేనిక వెళ్లాలి సార్," అన్నాడు కుర్రాడు ఇరవయ్యో నిమిషంలో.

"అవునవును, నిన్ను ఆపుతానా," అన్నాడు ఆర్విడ్, రెండో చెయ్యి కూడా కప్పు మీద వేస్తూ. "అన్నట్టు మీ తాతయ్య మోకాలి ఆపరేషన్ సంగతి నీకెవరైనా చెప్పారా?"

ఇంజను నడుస్తూనే ఉంది. ముందున్న రోడ్డు మీద పురుగు లేదు. కాలు ఒక్కసారి నొక్కితే అయిపోయేది. ఆ కుర్రాడు అలా నొక్కుదామని రెండు మూడుసార్లు స్టీరింగు బిగించి పట్టుకోవడం కిటికీలోంచి నాక్కూడా కనిపించింది. ప్రతిసారీ ఆర్విడ్ ఇంకో వాక్యం మొదలుపెట్టాడు, పట్టు మళ్లీ సడలింది. మోకాలి చిప్ప, ఆస్పత్రిలో పెట్టే జెల్లీ, వడగళ్లు, చిక్కుడు ధర, స్వీడన్ నుంచి ఆర్విడ్ ముత్తాత ఎక్కి వచ్చిన ఓడ, ఆ ఓడలో ఎలుకలు. ఎలుకల దగ్గరుండగా లైలా బండి వచ్చి అడ్డంగా ఆగింది.

లైలా దిగమంది. కుర్రాడు ముందు కప్పు మావిస్‌కు తిరిగిచ్చి థాంక్స్ చెప్పాడు, తరవాత దిగాడు. వ్యానూ, తాళంచెవులూ, ఎర్రస్టిక్కర్ల చుట్టా అన్నీ సాయంత్రానికి దొరికాయి. మాకు రెండు జిల్లాల అవతలివాడే. మరి ఎందుకు పారిపోలేదని లైలా అడిగితే వాడు చెప్పిన జవాబు ఆవిడ మా బల్ల దగ్గర కూర్చుని చెప్పింది.

"పోయేవాణ్నే మేడమ్. కానీ ఆయన వాక్యం మధ్యలో ఉన్నారు."

శుక్రవారం ట్రెవిస్ వచ్చాడు. తాళాలు కౌంటరు మీద వరసగా పెట్టి ఉన్నాయి, మావిస్ నిలబడి ఉంది. లైలా కూడా కాగితాలతో ఎదురుచూస్తోంది, ఎందుకంటే అతని సంతకం కావాలి. యంత్రంలో దొరికిన కార్డు ఒక్కటే. ఊళ్లోవాళ్లంతా లోపలికొచ్చి కౌంటర్లోనే డబ్బు కట్టి పోతారు గనక మూడో పంపు దగ్గర మోసపోయినవాడు జిల్లా మొత్తం మీద ట్రెవిస్ ఓల్మ్ ఒక్కడే. వాంగ్మూలంలో అతను ఏ పంపులో, ఏ సమయంలో, ఎందుకు కార్డు పెట్టాడో రాయాలి. ఎందుకు అన్న చోట అతని పెన్ను చాలాసేపు ఆగింది. కాలం ఎంత మారిందో చూపించడానికని లాడ్ అందించాడు. ఆ రోజు ఆయన కోటా ఆ మాటలతో సరి.

తరవాత లైలా ఇంకో ముక్క చదివింది. స్టిక్కరు చూస్తే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు, దొంగ కొత్తది అంటించాడు, నేరం బయటపడింది గోళ్లరంగు వల్ల. ఆ ముక్క కంపెనీ పెద్దలకు కూడా వెళుతుందని చెప్పింది.

ట్రెవిస్ బల్ల దగ్గర నాలుగో కుర్చీలో కూర్చుని, పెద్దలకు వెళ్లబోయే ఆ ముక్క రెండుసార్లు చదువుకున్నాడు. లేచి, తాళాలు మావిస్ వైపు నెట్టాడు. వచ్చే కోతల దాకా కొట్టు ఉంటుందన్నాడు. ఒక షరతు. పంపు తలుపు మీద చెయ్యి వేసేవాడు ఎవడైనా సరే, వాడికి రొట్టె పెట్టక ముందు కాగితం అడగాలి, కంపెనీకి ఫోన్ చేసి ఔనో కాదో కనుక్కోవాలి. ఒక్కసారి తప్పినా మూతే. మావిస్ లేనప్పుడు కౌంటరు ఎవరిదని అడిగి, ఆర్విడ్ పేరు రాసి, ఆర్విడ్ చేత సంతకం పెట్టించుకున్నాడు.

ఆర్విడ్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదట. డెబ్బై ఎనిమిదేళ్ల జీవితంలో ఇంకో మనిషిని నువ్వెవరని అడిగిన పాపాన పోలేదు.

మూడు వారాలకు పరీక్ష వచ్చింది. కొత్త తాళాలు బిగించడానికి మెకానిక్ వచ్చాడు. వస్తాడని మావిస్‌కు ముందే తెలుసు, ఆర్విడ్‌కు చెప్పలేదు. వ్యాను కనబడగానే పాలడబ్బాలు సర్దుకుంటానని చల్లగది లోపలికి పోయి, తలుపు సందులోంచి చూస్తూ నిలబడింది. ఆర్విడ్ బయటికి వెళ్లాడు. గాలి బాగా వీస్తోందన్నాడు. పంపు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఈ ఏడు చిక్కుడు ఆలస్యమన్నాడు. ఇంకో ప్రదక్షిణ. మెకానిక్ తాళంచెవి తీశాడు, తాళంలో పెట్టాడు, తిప్పబోయాడు.

"ఏమనుకోకు బాబూ," అన్నాడు ఆర్విడ్, చెవులు ఎర్రబడి. "కాగితం... ఉందా?"

మెకానిక్ కాగితం ఇచ్చాడు. ఆర్విడ్ దాన్ని తలకిందులుగా చూసి, నాలుగుసార్లు క్షమాపణ చెప్పి, లోపలికొచ్చి కంపెనీకి ఫోన్ చేశాడు. ఔనన్నారు. కుర్చీలో కూలబడి, ఇంత మాట అన్నాక ఈ మనిషి మళ్లీ మన ఊరి మొహం చూడడని లాడ్‌తో వాపోయాడు. మెకానిక్ మాత్రం పని సగంలో ఆపి, చిలీ వాసన పట్టుకుని లోపలికొచ్చి, అప్పటికే గిన్నె ముందు కూర్చున్నాడు.

మావిస్ చల్లగది తలుపు తోసుకుని వచ్చింది. ఆ రోజు గోళ్లు ముదురాకుపచ్చ.

"ఆర్విడ్, లే. బయటికి నడు," అంది. "మళ్లీ అడుగు. ఈసారి తాళంచెవి తాళంలో పెట్టక ముందే అడగాలి."

మెకానిక్ నోట్లో రొట్టెతోనే లేచి, జేబులోంచి తాళంచెవి తీసి, వాళ్ల వెనకే నడిచాడు.